తలుపు మూసుకోలేదు

ఆస్పత్రి నేలమాళిగ, రేడియేషన్ గది బయటి బెంచీ
సోమవారం

పిడుగా,

దస్తూరీ చూసి కంగారు పడకు, రాస్తున్నది మీ అన్నయ్యే. పెన్ను పట్టి ఇరవై ఏళ్లయింది. అక్షరాలు నేనొక వైపు తోస్తుంటే అవి ఇంకో వైపు పోతున్నాయి.

నా గొంతులో పుండు ఉందని మీ వదిన ఫోనులో చెప్పే ఉంటుంది. చెప్పడానికి నోరు రానిది నేను రాస్తున్నాను. ముక్క తీసి పరీక్ష చేస్తే కాన్సరని తేలింది. మొదట్లోనే దొరికిందట, ముప్పై మూడు సిట్టింగులు రేడియేషన్ ఇస్తే పోతుందట. అంతవరకూ మాట్లాడకూడదని డాక్టరమ్మ చెప్పింది. ఏం పని చేస్తారని అడిగితే, కూరగాయల హోల్‌సేలు మార్కెట్లో ముప్పై ఏళ్లుగా వేలం వేస్తున్నానని చెప్పాను. ఆవిడ పెన్ను కింద పెట్టి, "అయితే మీరు అసలు మాట్లాడకండి" అంది. మొబైల్లో రాయమంటారు గానీ నా బొటనవేలు ఒకసారి ఆనిస్తే మూడక్షరాలు పడతాయి. అందుకే ఈ ఉత్తరం.

ఇంట్లో ప్రశాంతంగా ఉంది. మీ వదిన పెళ్లయ్యాక మొదటిసారి వార్తలు చివరిదాకా విన్నానంది.

ఇక్కడి సంగతి చెబుతాను. వేడినీళ్లలో మెత్తబెట్టిన ప్లాస్టిక్ షీటు ముఖం మీద పరిచి అచ్చు తీశారు. అదే మాస్కు. రోజూ దాన్ని ముఖానికి తొడిగి బల్లకి బిగిస్తారు. ముఖంలో రెప్ప తప్ప ఏదీ కదలదు. అప్పుడు అందరూ బయటికెళ్లి, బ్యాంకు లాకరు తలుపులాంటి తలుపొకటి మూస్తారు. అది మూసుకుంటేనే యంత్రం పనిచేస్తుంది. నాకు మాత్రం మూసుకోదు. మూస్తారు, కానీ తెర మీద 'తలుపు మూసుకోలేదు' అని వస్తుందట. మళ్లీ తీస్తారు, మళ్లీ మూస్తారు. ఆరోసారికో ఏడోసారికో ఒప్పుకుంటుంది. మిగతావాళ్లందరికీ మొదటిసారికే మూసుకుంటుంది. ఆపరేటరు చాలా మంచివాడు. తలుపు తీసినప్పుడల్లా మైకులో సారీ చెబుతాడు. మాస్కులో బిగుసుకుని ఉన్న నేను ఫరవాలేదని కూడా అనలేను.

ఈ యంత్రానికి నామీద ఏదో కోపముంది. నువ్వెప్పుడొస్తావు?

అన్నయ్య

*

డ్రైవింగ్ స్కూలు ఆఫీసు
శుక్రవారం

అన్నయ్యా,

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. మొదటిసారి చదవడానికి, రెండోసారి అక్షరాలు పోల్చుకోవడానికి, మూడోసారి ఏడవడానికి. ఇప్పుడు బాగానే ఉన్నాను.

రావాలనే ఉంది. కానీ ఈ నెల లైసెన్సు పరీక్షకి వెళ్లేవాళ్లు పదకొండుమంది ఉన్నారు. అందులో ఒక పళ్ల డాక్టరు రివర్సు గేరు వేసే ముందు ప్రతిసారీ కళ్లు మూసుకుంటాడు. ఆయన్ని వదిలేసి వస్తే ఊరు మిగలదు. రెండో కారు క్లచ్చు కూడా పోయింది. వచ్చే నెల తప్పకుండా వస్తాను.

తలుపు సంగతి నువ్వు మనసులో పెట్టుకోకు. యంత్రాలకి కోపాలుండవు. మనిషి చేతిలో ఏదో తప్పు జరుగుతుంది, అంతే. ఇరవై రెండేళ్లుగా ప్రతి విద్యార్థికీ ఇదే చెబుతున్నాను.

ఆ గదిలో ఎంతసేపు పడుకోవాలి? కాలుతున్నట్టు ఉంటుందా? ఒక్కళ్లే ఉండాలా? అంతా వివరంగా రాయి. నీ సంగతి తెలుసుకోవాలని అడుగుతున్నాను.

చెల్లి

*

అదే బెంచీ
మంగళవారం

పిడుగా,

నువ్వడిగినవి ముందు చెప్పేస్తాను. పడుకునేది పదిహేను నిమిషాలు, నాకైతే తలుపు దయ. కాలినట్టేమీ ఉండదు, అసలు ఏమీ తెలియదు. పెద్ద తల ఒకటి చుట్టూ తిరిగి గుయ్యిమంటుంది. లోపల ఒక్కళ్లమే ఉంటాం గానీ వాళ్లు కెమెరాలో చూస్తూ ఉంటారు. చెయ్యెత్తితే వచ్చేస్తారు.

ఇప్పుడు అసలు విషయం. ఇక్కడికి రిటైరైన లెక్కల టీచరొకావిడ వస్తుంది. నాకంటే మూడు రోజుల ముందు మొదలుపెట్టింది. ఎవరు ఎన్నింటికి లోపలికెళ్లారు, తలుపు ఎన్నిసార్లు మూశారు అన్నీ ఒక నోటు పుస్తకంలో రాసుకుంటుంది. ఎందుకని సైగ చేస్తే, "ఊరికే కూర్చుంటే భయమేస్తుంది నాయనా" అంది. నిన్న ఆ పుస్తకం నా ముందు తెరిచింది. నేను రాకముందు తలుపు అందరినీ ఏడిపించేదట. నేనొచ్చాక, బెంచీ చివర కూర్చుని ఉన్నంతసేపూ ఎవరికీ ఆగడం లేదట, నేను లోపలికెళ్తేనే ఆగుతోందట. పోయిన గురువారం బస్సు తప్పిపోయి పదకొండింటికి వచ్చాను చూడు, ఆ రోజు పొద్దుట్నుంచీ ఎవరి సిట్టింగూ సాగలేదు. నేను కూర్చోగానే తలుపు బుద్ధిగా మూసుకుంది.

ఆ రోజు నలిగిపోయినవాడు బస్సు కండక్టరు. అతనికి పొత్తికడుపులో జబ్బు. బోలెడు నీళ్లు తాగి, వాటిని బిగబట్టుకుని బల్ల మీద పడుకోవాలి. తలుపు కోసం రెండు గంటలు బిగబట్టాడు. నన్ను చూడగానే రెండు చేతులూ ఎత్తి దండం పెట్టాడు.

ఇప్పుడందరూ కలిసి ఒక నిర్ణయం చేశారు. నేను తొమ్మిదింటికి వచ్చి, చివరి పేషెంటు అయ్యేదాకా బెంచీ మీద ఉండాలి. ఇదంతా సైన్సు ఒప్పుకోదని ఆపరేటరు పేషెంట్లందరికీ విడివిడిగా చెప్పాడు. మర్నాడు ఇంటి నుంచి నాకు దిండు తెచ్చాడు.

నోరు తెరవకుండా ఇంత పలుకుబడి నాకు జన్మలో లేదు. బాధల్లా ఒక్కటే. నేను లోపలికెళ్లినప్పుడు బయట కూర్చోవడానికి నాలాంటివాడు ఇంకొకడు లేడు.

అన్నయ్య

*

డ్రైవింగ్ స్కూలు ఆఫీసు
ఆదివారం

అన్నయ్యా,

అంతమంది పెద్దవాళ్లు, ఒక ఆస్పత్రి, లెక్కలు చెప్పిన ఒక టీచరు. వీళ్లంతా కలిసి తేల్చింది నువ్వు మహిమగలవాడివని. మార్కెట్లో కుళ్లిన టమాటాలు బుట్ట అడుక్కి తోసి అమ్మినవాడివి నువ్వు. నేను కళ్లారా చూశాను.

అయినా ఆ కండక్టరు కోసం తొమ్మిదింటికే వెళ్లు.

ఇక్కడ నాకు తలవంపులైంది. సీటు బెల్టు పెట్టుకోలేదని ట్రాఫిక్ ఇన్‌స్పెక్టరు కారాపాడు. విద్యార్థి పెట్టుకుంది, పెట్టుకోనిది నేను. కారు నెత్తి మీద 'క్షేమమే మా గమ్యం' అని రాసి ఉంది. ఆయన అది పైకి చదివి, నన్ను చూసి, మళ్లీ చదివాడు. మర్చిపోయానని చెప్పాను.

ఆ టీచరుకి ఏ జబ్బు? ఆడవాళ్లు చాలామందే వస్తారా? వాళ్లకి బట్టలు మార్చుకోవడానికి వేరే గది ఉందా? ఊరికే అడుగుతున్నాను.

వచ్చే నెల వస్తానన్నాను కదా, కుదిరేలా లేదు. పళ్ల డాక్టరు తప్పాడు.

చెల్లి

*

అదే బెంచీ, దిండు మీద
బుధవారం

పిడుగా,

టీచరుకి రొమ్ములో. గది వేరే ఉంది. ఆడవాళ్లు సగం పైనే.

ఇరవై రెండు సిట్టింగులయ్యాయి. ఇప్పుడు గొంతు లోపలంతా పచ్చిపుండు. మంచినీళ్లు కూడా కంకర మింగినట్టే ఉంటుంది. తినడం మానేశాను. నూట నాలుగు కిలోల మనిషిని తొంభై అయిదుకి దిగాను. ప్యాంటు జారిపోతుంటే మీ వదిన బెల్టుకి మేకుతో కొత్త కన్నం పొడిచింది. ఇలాగే ఉంటే ముక్కులోంచి గొట్టం వెయ్యాల్సొస్తుందని ఆహారం చూసే మేడం హెచ్చరించింది. వేసుకోండని సైగ చేశాను. విసుగొచ్చేసింది, అది నిజం.

సరిగ్గా అప్పుడే తలుపు మళ్లీ మొండికేసింది. నేను బెంచీ మీద ఉన్నా సరే, నాలుగుసార్లు, అయిదుసార్లు మూయాల్సొస్తోంది. అందరూ నన్నే చూశారు. టీచరు నోటు పుస్తకంలో గళ్లు గీసి, ఒక వైపు నా బరువు, ఇంకో వైపు తలుపు వేసి గీత గీసింది. తొంభై ఏడు కిలోల కిందికి దిగితే నా ప్రభావం తగ్గిపోతోందని తేల్చింది.

అంతే, నా తిండి ఊరుమ్మడి వ్యవహారమైపోయింది. ఒకరు పాలల్లో గుడ్డు గిలక్కొట్టి తెస్తారు, ఒకరు అరటిపండు మెత్తగా చిదిమి తెస్తారు, ఇంకొకరు ఫ్లాస్కులో సూపు. పొద్దున్నే తొమ్మిదింటికి నన్ను కాటా ఎక్కిస్తారు. ఆపరేటరు నా బరువు తలుపు మీదున్న బోర్డు మీద రాస్తాడు. కింద డాక్టరమ్మ వచ్చే వేళలుంటాయి, పైన నా కిలోలు.

నిన్న సగం కప్పు తాగి చాలని చెయ్యి అడ్డం పెట్టాను. కండక్టరు నా ఎదుట నేల మీద చతికిలబడ్డాడు. అప్పటికే కడుపు నిండా నీళ్లు, ముఖమంతా చెమట. నెమ్మదిగా అన్నాడు. "నాకు ఇంకా తొమ్మిది సిట్టింగులున్నాయండి. మీరు తినకపోతే నేను రాలేను."

కళ్లమ్మట నీళ్లు కారుతుంటే చెంచా తర్వాత చెంచా మొత్తం తాగాను. నెల్రోజులు చెవినిల్లు కట్టుకుని పోరినా తినని మనిషి ఎవరో కండక్టరు చెబితే తిన్నాడని మీ వదిన అలిగింది. ఇవాళ తొంభై ఆరున్నర.

అన్నయ్య

*

డ్రైవింగ్ స్కూలు ఆఫీసు
సోమవారం

అన్నయ్యా,

తిను. గొట్టం దాకా తెచ్చుకోకు.

టీచరుకి ఆపరేషను ముందే అయిందా? ఆ వైపు చెయ్యి పైకి ఎత్తగలుగుతోందా? స్టీరింగు తిప్పేంత బలం ఉందంటావా?

పని ఎక్కువగా ఉంది. తర్వాత రాస్తాను.

చెల్లి

*

ఇల్లు, వరండా
శనివారం

పిడుగా,

అయిపోయింది. నిన్నటితో ముప్పై మూడు. పుండు ఉన్న చోట ఇప్పుడేమీ కనబడటం లేదని డాక్టరమ్మ గొట్టంతో చూసి చెప్పింది. మూడు నెలలకి మళ్లీ చూస్తారు. ఇంకో రెండు వారాలు నోరు కట్టేసుకోవాలి.

తలుపు గుట్టు కూడా బయటపడింది. నాలుగు ఫిర్యాదులు పెట్టాక, నా ముప్పై ఒకటో సిట్టింగు రోజున యంత్రం కంపెనీ ఇంజినీరు వచ్చాడు. బెంచీ చివర గోడకి ఒక రేకు డబ్బా ఉంది. అందులో తలుపు మూసుకుందని యంత్రానికి చెప్పే వైరు వదులైపోయింది. నేను గోడకి చేరబడి కూర్చుంటే నా వీపు బరువుకి రేకు లోపలికి నొక్కుకుని వైరు ఆనుతుందట. చిక్కిపోయాక నొక్కడం చాల్లేదు. నేను బల్ల మీద ఉంటే నొక్కేవాడే లేడు. ఇంజినీరు నన్ను కూర్చోబెట్టి చూశాడు, లేపి చూశాడు, మళ్లీ కూర్చోబెట్టాడు. ఇలా తొమ్మిదిసార్లు. తర్వాత పది నిమిషాల్లో స్క్రూ బిగించి వెళ్లిపోయాడు.

కండక్టరు ఒప్పుకోలేదు. "అతను బిగించింది స్క్రూ. అన్నాళ్లు నడిపింది మాత్రం ఈయన" అన్నాడు. నా గీత కరెక్టే కదా అని టీచరు సంతోషించింది. నాకే మనసు చివుక్కుమంది. నెల్రోజులు మనిషిగా కూర్చున్నాననుకున్నాను. కూర్చున్నది మేకుగా.

ఇంక నీ సంగతి. నోరు మూసుకుంటే చెవులు బాగా పనిచేస్తాయని ఈ ఏడు వారాల్లో తెలిసింది. ఉత్తరాలు కూడా వినబడుతున్నాయి. నా గొంతు గురించి ఒక్క ప్రశ్న అడిగితే టీచరు చెయ్యి గురించి మూడు అడిగావు. నువ్వు ఇంట్లో కుర్చీలో కూర్చున్నా బెల్టు కోసం తడుముకునే మనిషివి. బెల్టు మర్చిపోయానంటే నేనెలా నమ్మను? పన్నెండు గంటల బస్సు ప్రయాణం కాదు, మూడున్నర గంటలు. మూడు నెలలుగా రాలేదు.

ఏం దాస్తున్నావు?

అన్నయ్య

*

డ్రైవింగ్ స్కూలు ఆఫీసు
గురువారం

అన్నయ్యా,

అయిదు నెలలైంది. ఎడమ వైపు. మొదట బఠాణీ గింజంత ఉండేది, బెల్టు రాసుకుంటే తెలిసింది. పాఠం చెబుతున్నంతసేపూ బొటనవేలితో బెల్టు దూరంగా పట్టుకునేదాన్ని. ఒక విద్యార్థి, మేడం మీరలా ఎందుకు పట్టుకుంటారు, నేనూ పట్టుకోవాలా అని అడిగింది. ఆమెతో పాటు ఇంకో ఇద్దరు నన్ను చూసి అలాగే నేర్చుకున్నారు. పరీక్షలో ఇన్‌స్పెక్టరు ఇదేం పద్ధతని అడిగాడట. మా మేడం పద్ధతి అన్నారట. అప్పట్నుంచీ బెల్టే మానేశాను.

ఇక్కడి డాక్టరు నాలుగు నెలల కిందటే సూదితో ముక్క తీద్దామన్నారు. తేదీ ఇచ్చారు. ఆస్పత్రి గేటు దాకా వెళ్లి, కారు పార్కింగులో పెట్టి, లోపల కూర్చుని, అద్దాలు తుడిచి తిరిగొచ్చేశాను. ఆ తర్వాత నాలుగుసార్లు వెళ్లాను. నాలుగుసార్లూ చక్కగా పార్కు చేసి వచ్చాను. అక్కడి వాచ్‌మన్ నన్ను చూస్తే స్థలం ఆపి ఉంచుతున్నాడు.

నీ దగ్గరికి రాలేదెందుకంటే, ఆ బెంచీ మీద నిన్ను చూస్తే నా నోట్లోంచి ఇది ఊడిపడుతుంది. నీ గొంతు తగ్గేదాకా ఆగుదామనుకున్నాను. అది పైకి చెప్పుకునే మాట. లోపలి మాట, భయం. ఇప్పుడది పెద్దదైంది. ఎంతని రాయను.

కోప్పడకు. కోప్పడటానికి నీకు గొంతు లేదు కూడా.

చెల్లి

*

బస్సు, కిటికీ పక్క సీటు
శనివారం

పిడుగా,

ఈ ఉత్తరం పోస్టులో వెయ్యను. మీ ఆఫీసుకొచ్చి నీ చేతికే ఇస్తాను. ఎదురుగా కూర్చుని చదువుకో. బస్సు ఊగుతోంది, అక్షరాలకి నన్ను తిట్టకు.

నీ ఉత్తరం నిన్న మధ్యాహ్నం వచ్చింది. చదివి చొక్కా వేసుకుని ఆస్పత్రికి పోయాను. డాక్టరమ్మ గది ముందు జనం. రాసి చూపిద్దామని జేబు తడిమితే పెన్ను ఇంట్లోనే ఉండిపోయింది. నర్సు, నంబరు వచ్చేదాకా కూర్చోమంది. నాకు కూర్చోవడం చేతనైనంతగా ఎవరికీ చేతకాదు. కానీ నిన్న కూర్చోలేకపోయాను. తలుపు తోసుకుని వెళ్లి నోరు తెరిచాను.

"మా చెల్లికి చూడాలమ్మా" అన్నాను.

ఎనిమిది వారాల తర్వాత వచ్చిన మొదటి మాట అది. నా గొంతులా లేదు. గచ్చు మీద ఖాళీ బుట్ట ఈడ్చినట్టు వచ్చింది. ఎందుకు మాట్లాడారని ఆవిడ తిట్టబోయి, నా ముఖం చూసి ఆగింది. మొత్తం చెప్పమంది. చెప్పాను, ఈడ్చుకుంటూనే. మంగళవారం పదింటికి తీసుకురమ్మంది. అదే రోజు సూది పరీక్ష కూడా చేయిస్తానంది.

నువ్వు భయపడ్డావని నాకు కోపం లేదు. రెండో వారంలో నేనూ మాస్కు వద్దని ఇంటికొచ్చేశాను, నీకు రాయలేదు. మీ వదిన నన్ను మళ్లీ బస్సెక్కించింది. అంతకంటే ధైర్యం ఎవరి దగ్గరా లేదు. ఎవరో ఒకరు ఎక్కించాలి.

రెండు జతల బట్టలు సర్దుకో. తిరుగు బస్సు నాలుగింటికి. కారు వద్దు, నీకు పార్కింగు దాకానే వచ్చు.

అన్నయ్య

*

డ్రైవింగ్ స్కూలు ఆఫీసు
ఆరు నెలల తర్వాత, ఆదివారం

అన్నయ్యా,

నిన్న మీ ఊరి డాక్టరమ్మ పంపిన కాగితాలు అందాయి. తీసిన గడ్డ చుట్టూ ఇంకేమీ మిగల్లేదని, చంకలోకి పాకలేదని ఆపరేషనప్పుడే చెప్పారు కదా. ఇప్పటి స్కాను కూడా అదే చెబుతోంది. ఇక ఏడాదికోసారి చూపించుకోవాలి, అయిదేళ్లు మాత్ర వేసుకోవాలి. టీచరుకి కూడా చెప్పు. ఆవిడ నాకు నేర్పిన చేతి కసరత్తు గోడ మీద రోజుకో గీత పెట్టుకుంటూ చేశాను. ఇప్పుడు గోడ మీద స్థలం లేదు.

ఇవాళ పొద్దున ఒక్కదాన్నే కారు తీసి వంతెన దాకా వెళ్లొచ్చాను. పెద్ద మలుపుల దగ్గర చంకలో పట్టేస్తోంది గానీ స్టీరింగు మాట వింటోంది. పళ్ల డాక్టరు పాసయ్యాడు. కళ్లు తెరిచే.

మొన్న సాయంత్రం ఆఫీసు ఫోనుకి చేసింది నువ్వేనని వదిన చెప్పింది. నిజంగా నాకు తెలియదు. నేను మీ ఇంట్లో ఉన్నన్నాళ్లూ డాక్టరమ్మ మళ్లీ నీ నోరు కట్టేయించింది, అన్నీ కాగితం మీద రాసే చూపించావు. బొంగురుగా, సన్నగా ఎవరో పెద్దాయన "నేనేనే" అన్నాడు. ఎవరండీ అంటే మళ్లీ "నేనే" అన్నాడు. ఇలాంటి ముసలివాళ్లు చాలామంది ఫోను చేస్తారు, చెప్పుకోవడానికి సిగ్గుపడుతూ. అందుకే, ఈ వయసులో డ్రైవింగు నేర్చుకోవడానికి మొహమాటం ఏమీ అక్కర్లేదని ధైర్యం చెప్పాను. సోమవారం ఎనిమిదింటికి రెండు ఫోటోలతో రమ్మన్నాను. అటువైపు ఏదో కుయ్‌కుయ్‌మంది. ఏడుస్తున్నాడేమో పాపం అనుకుని పెట్టేశాను. నవ్వుతున్నావట.

డాక్టరమ్మ ఇంతకంటే గొంతు రాదని చెప్పిందని వదిన అంది. మార్కెట్లో ఇప్పుడు నీ పక్కన కండక్టరు నిలబడి నువ్వు అన్నది గట్టిగా అరుస్తున్నాడని కూడా చెప్పింది. మంచిదే. నాకు మాత్రం ఆ పాత గొంతే నువ్వు. కొత్తాయన నాకింకా పరిచయం లేడు. కాబట్టి అలవాటయ్యేదాకా రోజూ సాయంత్రం చెయ్యి. నేను ఎవరండీ అన్నా పెట్టెయ్యకు.

సోమవారం ఎనిమిదింటి క్లాసు నీ పేరు మీదే ఉంది, కొట్టెయ్యలేదు.

చెల్లి